కార్డు పడిపోయిన పూలు

పోయిన శనివారం మా లైబ్రరీవాళ్ళు మెట్ల ముందు బల్లలు వేసి పాత పుస్తకాలు అమ్మేస్తున్నారు. వంటల పుస్తకాల కింద ఒక ఆకుపచ్చ గుడ్డ అట్ట కనిపించి ఆగిపోయాను. దాని కింది మూల చిరిగి లోపలి అట్ట బయటికొచ్చి ఉంది. ఆ మూల నాకు తెలుసు. బయటికి లాగి, నిలబడే తెరిచాను. నేను వెతక్కుండానే ఆ పేజీయే తెరుచుకుంది. ఒకే పేజీని ఏళ్ళ తరబడి చూస్తే పుస్తకానికి కూడా అలవాటైపోతుంది కాబోలు.

వెనకంతా నలుపు. గాజు కూజా నిండా తులిప్పులు, గులాబీలు, నీలం ఐరిస్‌లు, ముద్దగా విచ్చిన పియొనీలు. ఒక ఆకు మీద చీమ, ఒక రేకు మీద నీటిబొట్టు. కింద రాతి గట్టు మీద ఊడిపడ్డ కార్నేషన్ ఒకటి. మూడు వందల ఏళ్ళ కిందట హాలండులో ఎవరో వేసిన బొమ్మ. ఎండలో ఆ పేజీ పట్టుకుని నిలబడితే నాకు ముందుగా గుర్తొచ్చింది ఒక మోచెయ్యి. తెల్ల యూనిఫాం మీద గోధుమరంగు కోటు తొడుక్కుని, రెండు చేతుల్లో వాడుమొహం పట్టిన పూలు పట్టుకుని, లిఫ్టు బటన్‌ను మోచేత్తో నొక్కే మా అక్క.

తోడబుట్టిన అక్క కాదు. జెర్సీ సిటీలో మా బిల్డింగులో మా పై అంతస్తులో ఉండేది. నరసాపురం వైపు మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, అమెరికాలో నర్సులు కావాలంటే వచ్చేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆస్పత్రిలో అందరూ నర్స్ అనేవారు. ఆదివారం మధ్యాహ్నం ఒక అమెరికన్ చర్చి హాలు అడిగి తీసుకుని తెలుగు ఆరాధన జరుపుకునేవాళ్ళు సిస్టర్ అనేవారు. మా బిల్డింగు ఆడవాళ్ళు ఎదురుగా నర్సమ్మగారూ అనీ, వెనకాల నర్సమ్మ అనీ అనేవారు. నేను అక్కా అన్నాను. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు.

అప్పుడు నేను ఈ దేశానికి వచ్చిన కొత్త. ఉద్యోగం చెయ్యడానికి నా వీసా ఒప్పుకోదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. పగలంతా ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచక ఏడుస్తుంటే మావారు, "లైబ్రరీకి వెళ్ళరాదూ, అక్కడ హీటింగ్ కూడా బాగుంటుంది" అన్నారు. హీటింగ్ కోసమే వెళ్ళాను. ఇంగ్లీషు గడగడా చదవడం రాక బొమ్మలున్న పుస్తకాల అరల్లోకి పోయాను. చిత్రకళ పుస్తకాలు ఏడు వందల యాభైల నంబర్లలో ఉంటాయి. ఆ వరస ఈ చివర మొదలుపెట్టి ఆ చివరిదాకా చదివాను. మొదట బొమ్మలు, తర్వాత బొమ్మల కింది వాక్యాలు, చివరికి అసలు పుస్తకాలు. ఏ కాలేజీ నాకు నేర్పలేదు. నేర్పిన ఆ లైబ్రరీ బిల్డింగు ఇంకా మా వీధి చివర ఉంది.

అక్క డ్యూటీ దిగి నాలుగు గంటల వేళ ఇంటికొచ్చేది. వస్తూ వస్తూ పూలు తెచ్చేది. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయిన వాళ్ళు వదిలేసినవి, వదిలేయడానికి కూడా వీల్లేకుండా వెళ్ళిపోయిన వాళ్ళవి. బాగున్నవాటిని అక్కడే పంచేసేది. ఎవరి బల్ల మీద ఏమీ లేదో ఆ మంచం పక్కన ఒక గ్లాసులో పెట్టి, "మీకొచ్చాయి" అని చెప్పేది. ఎవరు పంపారని, పేర్లు రాసి కట్టిన కార్డేదని వాళ్ళడిగితే ఒకే మాట: "కార్డు ఎక్కడో పడిపోయింది." పంచగా మిగిలినవి మా బిల్డింగుకి వచ్చేవి.

మా కింద లాబీలో టపాపెట్టెల దగ్గర కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉండేది. పోలండు నుంచి ఎప్పుడో వచ్చిందట. మేమంతా పోలండు మామ్మ అనేవాళ్ళం. ఆవిడకు ఉత్తరాలు వచ్చినట్టు నేను చూడలేదు గానీ పోస్టుమాన్ వచ్చి వెళ్ళేదాకా కదిలేది కాదు. అక్క లిఫ్టు దగ్గరికి వెళ్ళే ముందు తన చేతిలో వాటిలో ఒకటి ఏరి ఆవిడ ఒళ్ళో పెట్టేది.

"నాకా? ఎవరు పంపారు?"

"కార్డు ఎక్కడో పడిపోయిందండీ."

రోజూ ఇదే, ఇంగ్లీషులో, లాబీలో వచ్చేపోయేవాళ్ళందరూ వినేలా. ఎప్పటికో ఒకప్పటికి ఆవిడకు అనుమానం వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. పైగా ఒకసారి నాతో, "నాకు చాలామంది ఉన్నారు, వాళ్ళకు కార్డు గట్టిగా కట్టడం చేతకాదు" అని చెప్పింది.

అక్క ఇంట్లో పూలు పెట్టే తీరు చూడాలి. ముందు ప్రతి పువ్వునూ ముక్కు లోపలిదాకా పోయేట్టు వాసన చూసేది. కాడల చివర గరిటె కాడతో చితక్కొట్టేది. నీళ్ళలో ఆస్పిరిన్ బిళ్ళ వేసేది. "వీటికీ జ్వరమేనే పిల్లా, మనుషులకి లాగే" అనేది. తర్వాత అన్నిటినీ ఒకే గాజు కూజాలో గుచ్చేది. రంగు చూడదు, జాతి చూడదు. వాటిని పూల పేర్లతో పిలిచేదీ కాదు.

"ఈ గ్లాడియోలస్?"

"అది తుంటి విరిగిన టీచరమ్మది. ఆ పక్కన పసుపుపచ్చవి కవలలు పుట్టినావిడవి. ఈ లిల్లీ ఉంది చూడు, దాన్ని కాలిఫోర్నియా నుంచి కొడుకు పంపాడు. వాళ్ళ నాన్న చూడనే లేదు పాపం, మత్తులో ఉన్నాడు."

ప్రతి కార్డూ చదివేది. చదివి గుర్తు పెట్టుకునేది. కార్డులను మాత్రం పేషెంట్ల చేతిలోనో, వాళ్ళ మనుషుల చేతిలోనో పెట్టేసేది. "పువ్వంటే ఎవరిదో ఒకరిదే పిల్లా. ఎవరిదీ కాని పువ్వుండదు" అనేది.

ఈ అలవాటు వల్ల ఒకసారి పెద్ద గొడవైంది. మా ఎదురు ఫ్లాటు సుభద్రగారు పూజలూ మడీ బాగా పాటించే మనిషి. ఒక శుక్రవారం అక్క ఇచ్చిన తెల్ల లిల్లీలను లక్ష్మీదేవి పటానికి పెట్టుకుంది. సాయంత్రం లిఫ్టు దగ్గర కలిసినప్పుడు మెచ్చుకుంటూ అడిగింది.

"ఏ షాపులో కొన్నారు నర్సమ్మగారూ? భలే ఉన్నాయి."

"షాపేంటండీ? మా ఫ్లోర్‌లో ఒకాయన పోయాడు నిన్న. వాళ్ళావిడ పూలు వద్దని వెళ్ళిపోయింది."

సుభద్రగారి మొహంలో నెత్తురు లేదు. "శవం దగ్గరివా! ఎంత అపచారం జరిగిందీ!"

"శవం ఏంటండీ, మనిషి దగ్గరివి. పూలొచ్చినప్పుడు బతికే ఉన్నాడు. మంచోడేనండీ, నర్సు వచ్చినప్పుడల్లా థాంక్యూ అనేవాడు."

ఆ రోజు సుభద్రగారు పటం కడిగింది, పీట కడిగింది, ఇల్లంతా కడిగింది. ఆ నీళ్ళు కారిడార్‌లోకి వచ్చి బిల్డింగు చూసుకునే సూపర్‌తో చీవాట్లు తింది. అక్క అంటే కోపం అని కాదు, భయం. ఆ తర్వాత అక్క ఎదురైతే ముందు చేతుల వైపు చూసేది.

నాకు మాత్రం ఆ కూజా ముందు నిలబడితే ఎక్కడో చూసినట్టుండేది. తులిప్పు పక్కన గులాబీ, గులాబీ మీదికి ఒరిగిన లిల్లీ, ఒకటి మొగ్గ, ఒకటి పండిపోయింది, ఒకటి రాలడానికి సిద్ధం. ఒకరోజు లైబ్రరీలో ఆ ఆకుపచ్చ పుస్తకం తెరిచి, గబుక్కున మూసి, పరుగున ఇంటికి తెచ్చి అక్క బల్ల మీద పెట్టాను.

"ఇది మీ కూజానే అక్కా!"

అక్క కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. "ఎవరిదే ఇది?" అంది.

ఆ బొమ్మ అసలుది నది అవతల మన్‌హట్టన్ మ్యూజియంలో ఉందని బొమ్మ కింద రాసి ఉంది. అక్కకు సెలవు దొరికిన రోజున, మంచి చలిలో, నది కింద నుంచి వెళ్ళే రైలెక్కి ఇద్దరం వెళ్ళాం. దారంతా నేను చెబుతూనే ఉన్నాను. నేను చదివినది వినడానికి ఒక మనిషి దొరకడం నాకు అప్పట్లో చాలా గొప్ప. అక్క నా పక్కన కూర్చుని, కోటు జేబులోంచి వేరుశెనక్కాయలు ఒలిచి నాకు పెడుతూ, "ఊఁ, చెప్పు" అంటూ ఉండేది.

ఆ గదిలో మేమిద్దరమే. మూల ఒక కాపలా మనిషి. పుస్తకంలో అరచేతి అంత ఉన్న కూజా ఇక్కడ నిజం కూజా అంత ఉంది. నీటిబొట్టు వేలితో తుడవొచ్చేమో అన్నట్టుంది. అక్క చాలాసేపు చూసింది. తర్వాత బొమ్మ చుట్టూ, ఫ్రేము కిందా, పక్కనా వెతికింది.

"కార్డేది?"

గోడకున్న చీటీ చూపించాను.

"అది గీసినోడి పేరే. నేనడిగింది అది కాదు. ఈ పూలు ఎవరికి వచ్చినయ్యి?"

"ఎవరికీ రాలేదక్కా. ఇది నిజం పూలగుత్తి కూడా కాదు. తులిప్పు వసంతంలో పూస్తుంది, గులాబీ ఎండాకాలంలో. ఇవన్నీ ఒకే రోజు ఒకే కూజాలో ఉండడం ఆ కాలంలో జరగని పని. విడివిడిగా గీసి పెట్టుకుని కలిపేవారట. ఇంకొందరు ఒక పువ్వు గీసి, రెండోది పూసేదాకా ఆగేవారట."

"ఆగేలోపల మొదటిది పోయుంటది."

"పోతుంది."

"పోయినా ఇక్కడ ఉంది." అక్క బొమ్మ దగ్గరికి ఇంకో అడుగు వేసింది. "మా ఆస్పత్రి లాగేనే. కవలలావిడ ఇంటికెళ్ళాక టీచరమ్మ వచ్చింది. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. పూలు మాత్రం నా కూజాలో కలిసి కూచున్నయ్యి."

నేను మళ్ళీ అందుకున్నాను. అందం నిలవదని చెప్పడానికే ఈ వాడిన రేకులు, ఈ చీమ అని పుస్తకంలో చదివినదంతా చెప్పాను. అక్క ఓపికగా విని తల అడ్డంగా ఊపింది.

"నిలవదని చెప్పడానికి ఇన్ని పూలు పెట్టుకుంటారా? నాకు నమ్మకం లేదు. ఎవరికో వచ్చే ఉంటాయి. కార్డు పడిపోయుంటది."

అలా అంటూనే వంగింది. గట్టు మీద ఊడిపడ్డ ఆ కార్నేషన్ వైపు చెయ్యి చాచింది. దాన్ని తియ్యబోయింది! కాపలా మనిషి "మేడమ్!" అని అరిచాడు. అక్క ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుని, సారీ సారీ అని, సిగ్గుపడుతూ నా వైపు తిరిగింది.

"కింద పడ్డదాన్ని ఎవరూ తియ్యరేంటే? బాగానే ఉంది ఇంకా. చిన్న గ్లాసులో పెడితే రెండ్రోజులు ఉంటది."

బయటికొచ్చేటప్పుడు అంగట్లో ఆ బొమ్మ పోస్టుకార్డు ఒకటి కొన్నాను. అప్పటినుంచి అదే నా పుస్తకాల్లో గుర్తు.

తిరుగు రైల్లో, నది కింద చీకట్లో, అక్క ఉన్నట్టుండి అంది.

"నాకెప్పుడూ రాలేదే."

"ఏంటక్కా?"

"పూలు." నవ్వుతోంది. "ఎంతమందివి మోశానో. నా పేరు రాసిన కార్డు ఒక్కటి చూడలేదు. నర్సులకి చాక్లెట్ డబ్బాలిస్తారు, అందరూ తినండి అని."

"నేను పంపుతాను మీకు. రేపే పంపుతాను."

"ఊరికే పంపితే ఏం బాగుంటుంది? నేనేమన్నా పెళ్ళికూతుర్నా? జబ్బు పడ్డప్పుడు పంపు. బల్ల మీద పెట్టుకుని దర్జాగా పడుకుంటా. పేరు మాత్రం మొత్తం రాయి, ఇంటిపేరుతో సహా. అక్క, గిక్క అని రాస్తే ఊరుకోను."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎదురు సీట్లో ఒకాయన పేపరు దించి మమ్మల్ని చూశాడు.

కొన్నేళ్ళు గడిచాయి. మాకు పాప పుట్టింది. అప్పుడు నా బల్ల మీద పూలున్నాయి, కార్డు మీద నా పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది, తెలుగులో. పంపింది ఎవరో రాయలేదు. రాయక్కర్లేదు.

తర్వాత ఒక ఆకురాలు కాలంలో అక్క చేతుల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. ఎక్కడో తగిలించుకుంది అనుకున్నాను. "తగల్లేదే. తగలకుండానే వస్తున్నాయి" అంది. నర్సు కదా, ఆ మాట అన్నప్పుడే తనకు తెలుసు. రక్తంలో క్యాన్సర్. తను ఇన్నేళ్ళు పనిచేసిన ఆస్పత్రిలోనే, పై అంతస్తులో చేర్చారు.

అక్క లేకపోయేసరికి మా లిఫ్టులో పూల వాసన పోయింది. ఒకరోజు పోలండు మామ్మ నా కోటు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఈ మధ్య నాకు పూలు రావడం లేదు. పోస్టాఫీసులో ఏమన్నా గొడవా?"

కనుక్కుంటానన్నాను.

మన తెలుగువాళ్ళంతా అక్కను చూడ్డానికి కదిలారు. చర్చివాళ్ళు ప్రార్థన చేసి వచ్చారు. సుభద్రగారు సంచీ నిండా ఆపిల్స్ తీసుకుని బయల్దేరింది. నేను పూలు తీసుకెళ్తానంటే లిఫ్టులోనే నన్ను నిలదీసింది.

"పేషెంటు దగ్గరికి పూలేమిటే? మనవాళ్ళెవరైనా తీసుకెళ్తారా? మంచం మీదున్న మనిషి దగ్గర పూలు పెడితే ఏమని అర్థం? పండో, పాలో పట్టుకెళ్ళు."

ఆవిడ తప్పేం లేదు. మనకు పూలు దేవుడికి, పెళ్ళికి, ఇక ఆఖరి ప్రయాణానికి. మధ్యలో పడుకున్నవాళ్ళకు మనం పళ్ళు పట్టుకెళ్తాం. నాకూ పుట్టినప్పటి నుంచి తెలిసిన పద్ధతి అదే. కానీ రైల్లో నేను మాట ఇచ్చింది అక్కకు.

మన్‌హట్టన్‌లో పూల దుకాణాలన్నీ వరసగా ఉండే వీధి ఒకటుంది. పోస్టుకార్డు చేతిలో పెట్టుకుని ఒక్కో దుకాణం తిరిగాను. ఇది ఉందా, ఇది ఉందా అని బొమ్మ మీద వేలు పెట్టి అడిగాను. చిత్రకారుడైతే ఏడాది ఆగాలి, నాకు దేశదేశాల పూలు తెచ్చే విమానాలున్నాయి అనుకున్నాను. గులాబీలు దొరికాయి. కార్నేషన్లు దొరికాయి. ఐరిస్‌లు హాలండు నుంచే వచ్చాయట. తులిప్పులు, పియొనీలు మాత్రం దొరకలేదు. "వసంతంలో రండి" అన్నాడు ఒక దుకాణదారు. వసంతం దాకా ఆగడానికి వీల్లేదని అతనికి చెప్పలేదు.

అంత గుత్తి పట్టుకుని పై అంతస్తు వార్డు తలుపు దాకా వెళ్ళాను. తలుపు దగ్గర నర్సు, చిన్నవయసు అమ్మాయి, చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ వార్డులోకి పూలు రానివ్వమండీ. వీళ్ళకు రోగాన్ని తట్టుకునే బలం ఉండదు. పూల నీళ్ళలో క్రిములుంటాయి. పచ్చి పళ్ళు కూడా పెట్టనివ్వం, చూడండి."

ఆమె వెనక కౌంటరు మీద సుభద్రగారి ఆపిల్స్ వరసగా ఉన్నాయి.

"ఆవిడకు పూలంటే..." అన్నాను. ఇంగ్లీషు రాలేదు నాకు. ఇన్నేళ్ళు చదివిన పుస్తకాల్లోంచి ఒక్క మాట రాలేదు.

"తెలుసు," అంది ఆ అమ్మాయి. కళ్ళనిండా నీళ్ళు. "నన్ను ట్రైన్ చేసింది ఆవిడే. ఈ రూలు నాకు నేర్పిందీ ఆవిడే. ఈ పూలు నాకివ్వండి. కింది అంతస్తుల్లో ఎవరి బల్ల ఖాళీగా ఉందో నాకు తెలుసు."

పూలు తీసుకెళ్ళిపోయింది. నా చేతులకు ఆకుల తడి మిగిలింది. కారిడార్ కుర్చీలో కూలబడి, రుమాలు కోసం సంచీ తెరిస్తే, లైబ్రరీ పుస్తకంలోంచి పోస్టుకార్డు తల బయటికి పెట్టి ఉంది. ఈ పూలకు నీళ్ళు లేవు.

వెనకవైపు తిప్పి పెన్ను తీశాను. అక్క పేరు మొత్తం రాశాను, ఇంటిపేరుతో సహా. పంపినది ఎవరో కూడా రాశాను, నా పేరు మొత్తం. త్వరగా కోలుకోవాలి అని కార్డుల మీద ఉంటుంది. అది రాయలేకపోయాను.

చిన్న నర్సు దాన్ని స్పిరిట్ దూదితో రెండు వైపులా తుడిచింది. నాకు గౌను తొడిగి, ముక్కుకు గుడ్డ కట్టి లోపలికి పంపింది.

అక్క జుట్టంతా పోయింది. తలకు చిన్న నూలు టోపీ. నా కళ్ళు చూసి నన్ను గుర్తుపట్టింది. చేతిలో కార్డు పెట్టాను. బొమ్మవైపు చాలాసేపు చూసింది.

"ఇవా!" అంది. గొంతు గాలిలా ఉంది. "ఇన్నీ?"

"ఇన్నీ."

"ఎవరికే?"

"వెనక చూడండి అక్కా."

తిప్పింది. కళ్ళద్దాలు అడిగింది, పెట్టాను. తన పేరు తనే పైకి చదువుకుంది. మెల్లగా, ఇంటిపేరు దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి. బళ్ళో హాజరు పిలిచినప్పుడు పలికే పిల్ల గొంతుతో. నేను కిటికీ వైపు తిరిగాను. గుడ్డ లోపల నా ముక్కు తడిసిపోయి ఊపిరాడలేదు.

"చూశావా," అంది అక్క. "నేను చెప్పలా? ఎవరికో వచ్చే ఉంటాయని."

తర్వాత చిన్న నర్సు నాకొక మాట చెప్పింది. పక్క మంచం ఆవిడ ఆ బొమ్మ చూసి ముచ్చటపడి, ఒక్కరోజు తన బల్ల మీద పెట్టుకుంటానని అడిగిందట. అక్క జీవితమంతా పూలు పంచిన మనిషి కదా, ఇచ్చేస్తుందని అందరూ అనుకున్నారట. అక్క కార్డును గుండెకు ఆనించుకుని, "ఇది ఇవ్వను. దీని మీద నా పేరుంది" అందట.

తులిప్పుల కాలం రాకముందే అక్క వెళ్ళిపోయింది. ఆ కార్డు చేతిలోనే పెట్టి పంపారు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. అది ఒక కార్డు మీద ఉంది, ఆ కార్డు ఆవిడది.

చర్చి హాలు పూలతో నిండిపోయింది. ఎన్ని పూలో! ఆస్పత్రి నుంచి, చర్చి నుంచి, ఎప్పుడో డిశ్చార్జ్ అయిపోయిన వాళ్ళ నుంచి. ప్రతి గుత్తికీ కార్డు. ప్రతి కార్డు మీదా తన పేరు. ఒక్కదాన్నీ చదువుకోలేదు. సుభద్రగారు కూడా వచ్చింది, చేతుల్లో తెల్ల చామంతులు. పెట్టె దగ్గర పెట్టి, నా పక్కన నిలబడి, ఎటో చూస్తూ అంది.

"బతికుండగా ఇవ్వడం మనకు అలవాటు లేదు కదే."

సమాధి దగ్గర పని అయిపోయాక కూడా హాల్లో చాలా పూలు మిగిలిపోయాయి. వీటినేం చెయ్యాలని పాస్టరుగారి భార్య అడుగుతోంది. నేను వెళ్ళి బాగున్నవి ఏరుకున్నాను. గులాబీరంగు కార్నేషన్లు, రెండు గులాబీలు. కింద పడ్డది ఒకటుంటే అదీ తీసుకున్నాను. కారు వెనక సీట్లో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన సుభద్రగారు.

"ఎక్కడికే ఇవి? ఇంట్లోకా?"

"పోలండు మామ్మకి."

ఆవిడ మడి, మైల అని ఏదో అంటుందని చూశాను. చేతులు చాచింది.

"సగం ఇటియ్యి. నలిగిపోతున్నాయి."

లాబీలో మామ్మ తన కుర్చీలోనే ఉంది. ఇద్దరం వెళ్ళి ఎదురుగా నిలబడ్డాం. పూలు చూడగానే ఆవిడ రెండు చేతులూ ఎత్తింది.

"నాకేనా? అబ్బ, ఎన్ని రోజులైంది! ఎవరు పంపారు?"

నాకు అక్క పేరు నోటిదాకా వచ్చింది. మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా. అక్కడే ఆగిపోయింది. సుభద్రగారు నా వైపు చూసింది. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కూరగాయల కొట్లో కూడా వేలితో చూపించి కొనే మనిషి. తన చేతుల్లో ఉన్న పూలు వంగి మామ్మ ఒళ్ళో పెట్టి, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది.

"కార్డ్... ఫెల్ డౌన్. సమ్‌వేర్."

మామ్మ తల ఊపింది.

"ఎప్పుడూ అంతే," అని పూలలో ముక్కు లోపలిదాకా పెట్టి వాసన చూసింది.